జార్లు పెట్టని బళ్లు

ఇటీవల ఒక సాహిత్య సభలో పేరున్న వక్త ఒకరు, ఉక్రెయిన్ పల్లెలకు అక్షరం ముక్క అబ్బింది రష్యా జార్ల దయవల్లేనని సెలవిచ్చారు. సభంతా చప్పట్లు కొట్టింది. మాకు బాధ కలిగించింది ఆ చప్పట్లే. మాస్కో నుంచి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణల పుస్తకాలతో పెరిగినవాళ్లం మనం. పోల్తావా ప్రాంతంలో పుట్టిన గొగోల్‌ని రష్యన్ రచయితగానే ఎరుగుదుం. అభిమానం ఎంతైనా ఉండనివ్వండి, ఆ అభిమానంతో ఒక జాతి బడులనే చెరిపేస్తే ఎలా?

1586 నాటి, ఉక్రెయిన్ పట్టణం ల్వీవ్‌లోని చర్చి సోదర సంఘం బడి నియమాలు చూడండి. పట్టణం అప్పుడు పోలండ్ రాజు ఏలుబడిలో ఉంది. బడి నడిపింది మాత్రం అక్కడి ఆర్థొడాక్స్ వర్తకులు, చేతిపనులవాళ్లు. ఖర్చు వాళ్ల చందాలూ దానాలే. అజమాయిషీకి తమలోంచే ఇద్దరిని పెట్టుకున్నారు. పిల్లవాణ్ణి చేర్చే తండ్రి ఒకరిద్దరు ఇరుగుపొరుగుల్ని సాక్షులుగా తెచ్చి పంతులుతో ఒప్పందం చేసుకోవాలి. మాన్పించాలన్నా ఆ సాక్షులు ఉండాల్సిందే. తాగుబోతు, లంచగొండి పంతులుగా పనికిరాడు. కలిగినవాడి కొడుకునీ, వీధుల్లో అడుక్కుతినే అనాథనీ ఒకేలా చూడాలి. కూర్చునే చోటు చదువును బట్టే. వంతులవారీగా పిల్లలు ముందే వచ్చి గది ఊడ్చి, పొయ్యి రాజేసి, గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని కనిపెట్టాలి. అయిదేళ్లకే, 1591లో, ఆ బడి విద్యార్థులు కూర్చిన గ్రీకు వ్యాకరణం అచ్చయింది!

కీవ్‌లో 1615లో హల్షకా హులేవిచివ్నా అనే ఆమె తన స్థలం రాసిచ్చింది. అక్కడ మొదలైన సోదర సంఘం బడే తర్వాత మొహిలా అకాడమీ అనే ఉన్నత విద్యాలయానికి మూలమైంది. కొసాక్కు సైనికుల నాయకుడు (హెత్మాన్) సహైదాచ్నీ 1622లో చనిపోతూ తన సొమ్ములో కొంత ల్వీవ్ బడికి రాశాడు.

పల్లెల్లో చర్చి పక్కనే బడి ఇల్లు. చర్చిలో ప్రార్థనలు పాడే ద్యాకే పంతులు, అతణ్ణి కుదుర్చుకునేది ఊరు. అక్షరమాల, ప్రార్థన పుస్తకం, కీర్తనల గ్రంథం, ఇదీ వరస. ఒక పుస్తకం పూర్తయితే పిల్లవాడు గంజినూకల కుండ, దాంతోపాటు నాణేలు తెచ్చి పంతులుకిచ్చేవాడు. 1740ల జాబితాల్లో, కొసాక్కుల హెత్మాన్ ప్రాంతంలోని ఏడు రెజిమెంట్లలోనే (రెజిమెంటంటే అప్పటి జిల్లా) 866 బడులు కనిపిస్తాయి.

ఇవన్నీ మతం బడులే కదా, కాథలిక్కుల మీద పోటీకి లేచినవే కదా అంటారు. నిజమే. ఆ మాటకొస్తే ఆనాటి యూరప్‌లో మతం ఊసులేని బడి ఎక్కడుంది?

ఇక జార్ల దయ సంగతి. 1783లో రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ అక్కడి రైతుల్ని భూస్వాములకు కట్టిపడేసింది. పంతుల్ని కుదుర్చుకునే ఊరికే స్వేచ్ఛ పోయాక బడి ఎలా నిలుస్తుంది? చెర్నిహివ్, హొరోద్న్యా, సోస్నిత్సా ప్రాంతాల్లో 1768లో 134 బడులుండేవి. 1875 నాటికి మిగిలినవి 52. నూరేళ్ల పాలనలో బడులు సగానికి పైగా మాయమైతే, దాన్ని దయ అనడానికి నోరెలా వచ్చింది? ఈ లెక్కలు ఆ వక్తకు పంపుతున్నాం. జవాబు రాస్తే వచ్చే సంచికలో ఒక్క అక్షరం తీయకుండా వేస్తాం.