ఒక్క మెతుకు పట్టి చూడండి

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాదు విమానాశ్రయంలో కలకత్తా వెళ్ళే ప్రయాణికుడొకరికి ఇండిగో వారు చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చారు. ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. చేతిరాతకు ఇంకా రోజులున్నాయని నాబోటి మేష్టర్లు ముచ్చటపడ్డ మాట నిజమే గాని, దాని వెనక కథ ముచ్చటైనది కాదు.

ఆనాడు ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. దొంగలెవరూ పడలేదు. దొంగలు పడకుండా పెట్టుకున్న క్రౌడ్‌స్ట్రయిక్ వారి కాపలా సాఫ్ట్‌వేరే వాటిని పడగొట్టింది. "కంచే చేను మేసిందండీ!" అన్నారు మా స్టాఫు రూములో. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఒక మాట అనక తప్పదు. ఆ సామెత ఇక్కడ అతకదు. చేను మేసే కంచెలో దురాశ వుంది. ఇక్కడున్నది తొందర.

వేల కంప్యూటర్లున్న బ్యాంకులో ఒక్కొక్క యంత్రం దగ్గరికీ మనిషి వెళ్ళి కాపలా ఏర్పాట్లు చెయ్యడు. ఒకచోటి నుంచి పంపితే అన్నిటికీ అందుతాయి. కొత్త దొంగల ఆనవాళ్ళు రోజుకు ఎన్నోసార్లు వస్తూనే వుంటాయి. ఆ శుక్రవారం మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అలా వచ్చిన ఫైలులో చిక్కు వుంది. ఆనవాళ్ళు చదివే ప్రోగ్రాము 21 అంశాల కోసం చూసింది; దానికి అందినవి 20. లేని ఇరవయ్యొకటోదానికోసం తనది కాని చోట చెయ్యి పెట్టింది. ఈ కాపలావాడి మకాం వీధి అరుగు మీద కాదు, యంత్రపు గర్భగుడిలో. అక్కడ కాలు జారితే యంత్రమంతా ఆగిపోతుంది. 78 నిమిషాల్లో ఆ ఫైలును ఆపించారు. కాని పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు వెళ్ళి, ఒక్కొక్కదాన్నే లేపవలసివచ్చింది.

నన్ను బాధించిన సంగతి మరొకటి. "కొత్తది మాకు వెంటనే వద్దు, ఒక మెట్టు వెనక వుంటాం" అని ముందే చెప్పుకున్న జాగ్రత్తపరులు కూడా పడ్డారు. ఆ ఏర్పాటు ప్రోగ్రాముకే గాని ఆనవాళ్ళ ఫైళ్ళకు వర్తించదట! ఆ తర్వాతనే వాటినీ విడతలుగా పంపుతామన్నారు, ఎప్పుడు తీసుకోవాలో మీరే తేల్చుకోండన్నారు.

అయితే అన్నీ ఆలస్యంగా తీసుకుందామా? 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు వారు ఒక కన్నానికి మాటు పంపారు. వేయించుకోనివారి మీద మే 12న వానాక్రై వచ్చి పడింది. ఇంగ్లండులో 236 ఆస్పత్రి ట్రస్టుల్లో కనీసం 80 ఇబ్బంది పడ్డాయి. రోగులను తిప్పి పంపారు. మన ఆంధ్రలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని వాత పడ్డాయి. రెండు నెలల బద్ధకం ఖరీదు అది.

మన ఇళ్ళలో అన్నం వార్చేముందు ఒక్క మెతుకు పట్టి చూస్తారు. కుండెడూ పిసికి చూడరు, చూడకుండా వడ్డించరు. మా కాలేజీ లాబు చూసే కుర్రవాడి పద్ధతీ అదే. వున్నవి నలభై యంత్రాలు. వెనక వరసలో అయిదింటికి ముందు వేస్తాడు. ఒకరోజు ఆగుతాడు. తర్వాత మిగిలినవి. పరీక్షల ఆఫీసుది అన్నిటికీ ఆఖరు, అదీ ఫీజులు కట్టే వారం కాకుండా. పైనుంచి మాత్రం "నేడే అన్నిటికీ పూర్తిచేసి సాయంత్రంలోగా నివేదిక పంపవలెను" అని కాగితం వస్తుంది! ఆగిన రోజున దొంగలు పడితే తిట్లు అతనికే. ఆగకుండా వేసి యంత్రాలు పడితే, అవీ అతనికే. ఎంతసేపు ఆగాలో పెద్దలు నిర్ణయించి, దానికింద వారే సంతకం పెట్టడం న్యాయమని నేను మొన్న మీటింగులో అన్నాను. ఎవరూ కాదనలేదు. సంతకమూ పెట్టలేదు.

ఈలోగా అతను మరో పని చేశాడు. 2024లో డిస్కుకు తాళం వేసుకున్న యంత్రాలు లేవడానికి 48 అంకెల కోడు అడిగాయి. కొన్నిచోట్ల ఆ కోడులు దాచిన కంప్యూటర్లూ పడిపోయే వున్నాయి. అందుకని మావాడు నలభై కోడులూ ఒక నోటు పుస్తకంలోకి గుండ్రంగా ఎక్కించి, ప్రిన్సిపాలు గారి గదిలో ఇనప బీరువాలో పెట్టించాడు. ఆ బీరువా తాళం చెవి హెడ్ గుమాస్తా గారి మొలతాడుకి వుంటుంది.