చీకటిపాటపై వేసిన నింద

మన విద్యావంతుల యిండ్లలో నొక క్రొత్త భీతి పుట్టినది. పిల్లవాడు తలుపు మూసికొని "బ్లాకుమెటలు" అను పాశ్చాత్యసంగీతము వినుచున్నాడట, అది దయ్యములపాటయట, దానివలన బుద్ధి చెడునట! దయ్యములు లేవని సభలలో నుపన్యసించు సంస్కారులే పాటలో దయ్యమున్నదని బెదరుట వింతగాదా? ఈ "అట"లు పలుకువారిలో నా పాటను పది నిమిషములైన వినినవారెందఱు?

నిందకు మూలము లేకపోలేదు. 1982లో వెనమ్ అను ఆంగ్లబృందము వెలువరించిన సంపుటమునుండి యా పేరు వచ్చినది. పిమ్మట నార్వేలో నీ సంగీతము చేయు వర్గ్ వికర్నెస్ అనువాడు హత్యకును, కొన్ని చర్చిల దహనమునకును 1994లో 21 సంవత్సరముల శిక్ష పొందెను. అవి ఘోరములు. కళపేర వానిని సమర్థించువారితో మాకు పొత్తు లేదు. కాని హంతకుడు పాడెనని పాటనే యురితీయుట యే న్యాయము?

ఆ నార్వేలోనే 1995లో ఉల్వర్ బృందము "బెర్గ్‌టాట్" అను సంపుటము వెలువరించెను. కొండలోని యదృశ్యజనులు కన్య నొకతెను లోనికి లాగికొనిపోయిన జానపదకథ యది. మన యవ్వలు చెప్పిన కథలకు దూరమా? అమెరికాలోని ఒలింపియా ప్రాంతమున నేథన్, ఆరన్ వీవర్ సోదరులు నడపు "వుల్వ్స్ ఇన్ ది త్రోన్ రూమ్" బృందమునకు తమ యడవులే ప్రేరణము. 2007లో వారు వెలువరించిన "టూ హంటర్స్"లో నాలుగే పాటలు. చివరిది సుమారు 18 నిమిషములు. గిటారుతీగను ఎడతెగక మీటుటచే స్వరములు విడివడక మంచువలె నలముకొనును. డ్రమ్ముల దెబ్బలు రేకులపై వాన యగును. గొంతు పాడదు, ఆక్రోశించును. మొదట నంతయు రొదయే. వినగా వినగా నా రొదలో మెల్లగా కదలు రాగమొకటి చెవికి దొరకును. రొద కూడదందురా, మన పెండ్లిపందిళ్ల లౌడుస్పీకర్ల నేమందురు?

అసలు కోపము రొదపై గాదు, చీకటిపై. మనకు వెన్నెల కావలెను, పూదోట కావలెను. అమావాస్య మాత్రము పనికిరాదు. చిత్తూరుసీమలోని రామకుప్పమునకు పోయి చూడుడు. 1990లో నేర్పడిన కౌండిన్య అభయారణ్యము చెంతనే యున్నది. 1980 తరువాతి యేండ్లలో పొరుగురాష్ట్రముల యడవులనుండి యేనుగులు వచ్చి యచట నిలిచినవి. ననియాలలో మచ్చికయేనుగుల శిబిరము పెట్టవలసివచ్చినది. రాత్రి చేను కాచు రైతునకు చీకటి కవిసమయము గాదు. వెదురు విరిగిన చప్పుడైన గుండె జల్లుమనును. అదియు ప్రకృతియే. కుప్పము గంగమ్మజాతరలో పలకల మ్రోతకు ఒడలు జలదరించిన భక్తి యందుము. అట్టి జలదరింపు గిటారువలన గలిగిన పైశాచిక మందుము!

ఇక నీ పాటలు కట్టబూను మన యువకులకు నొక్కమాట. ముఖమునకు సున్నము, మసి పూసికొని నార్వే మంచు నరువు తేవలదు. ననియాలదారిని రాత్రి కావలియున్నవాని చెవి కేమి సోకునో దానిని వినిపింపుడు. ముందువరుసలో మేము కూర్చుందుము.