నిద్రమాత్రకు సెలవెప్పుడు?

పక్కింటావిడకు డాక్టరు రాసిచ్చిన నిద్రమాత్ర ‘నాకు బాగా పనిచేసింది, సగం వేసుకో వదినా’ అంటూ గోడ దాటి వచ్చేయడం మన ఇళ్లలో మామూలే. ఆ రాత్రి నిద్ర పడుతుంది కూడా. చిక్కంతా ఆ తరవాతే. ఆల్ప్రజోలమ్‌ లాంటివి కొన్ని వారాలు వరసగా వేసుకుంటే ఒంటికి అలవాటైపోతాయి. ఉన్నట్టుండి మానేస్తే దడ, వణుకు, మునుపటికన్నా పాడు నిద్ర. ‘చూశారా, మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు’ అంటూ మళ్లీ షాపుకెళ్తారు. అది చాలావరకు మాత్ర ఆపినందుకు వచ్చిన నిద్రలేమి అని వాళ్లకు చెప్పేవారుండరు.

వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టక, పగటి పనులూ దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే ప్రవర్తన చికిత్స అని అమెరికన్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఫిజీషియన్స్‌ 2016లోనే చెప్పింది. కానీ అది తెలిసిన నిపుణులు తక్కువ. అందుకే ఆ చికిత్స ఫోన్లలోకీ, కంప్యూటర్లలోకీ వచ్చింది. బ్రిటన్‌లో నైస్‌ సంస్థ 2022లో ‘స్లీపియో’ అనే ప్రోగ్రామును నిద్రమాత్రలకు బదులుగా వాడొచ్చంది. నిద్ర చెడగొడుతోందని రోజూ తిట్లు తినే ఫోనే ఇలా వైద్యం చేయడం తమాషాయే!

వానచప్పుడు వినిపించే యాప్‌లు వేరు, ఇది వేరు. ముందు నిద్ర డైరీ రాయిస్తారు. ఒకాయన రాత్రి పదింటికి పడుకుని ఆరున్నరకు లేస్తాడనుకుందాం. మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, పట్టే నిద్ర అయిదున్నర. అయితే ఆయన్ని మంచం మీద అయిదున్నర గంటలే ఉండమంటారు. అంటే ఒంటిగంట దాకా పడుకోకూడదు, ఆరున్నరకు లేచి తీరాలి. పగలు కునుకు తీయకూడదు. నిద్ర రాక దొర్లుతుంటే లేచి వేరే గదిలో కూర్చోవాలి. మంచం మీద గడిపే సమయంలో 85-90 శాతం నిద్రే అయ్యాక, పావుగంట చొప్పున పెంచుతారు. మొదటి ఒకటి రెండు వారాలు నరకమే. చాలామంది అక్కడే వదిలేస్తారు, యాప్‌కు గదమాయించడం రాదు కదా. ఆ పని ఇంట్లోవాళ్లు చేయాలి.

మరి మాత్ర పూర్తిగా దండగేనా? కాదు. కెనడాలో చార్లెస్‌ మోరిన్‌ బృందం 160 మందిపై చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. మొదటి ఆరు వారాలు చికిత్సతోపాటు జోల్పిడెమ్‌ ఇచ్చి, ఆ తరవాత మాత్ర ఆపి చికిత్స ఒక్కటే కొనసాగించిన వాళ్లు, మాత్ర కూడా కొనసాగించిన వాళ్లకన్నా బాగా కోలుకున్నారు. అంటే మాత్ర ఊతకర్ర లాంటిది, ఎప్పుడు వదలాలో ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఎన్నాళ్లుగానో వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకుండా, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. జోల్పిడెమ్‌ వేసుకున్నవాళ్లు నిద్రలోనే నడవడం, కారు తోలడం వంటివి జరిగాయని అమెరికా ఎఫ్‌డీఏ 2019లో గట్టి హెచ్చరిక పెట్టించింది. పెద్దవాళ్లయితే మాత్ర మత్తులో అర్ధరాత్రి బాత్రూమ్‌కు లేచి పడిపోతే తుంటి ఎముకే విరగొచ్చు.

మంచం గంటలు కోసే పద్ధతి కూడా అందరికీ పడదు. మూర్ఛ, బైపోలార్‌ జబ్బు ఉన్నవాళ్లు, లారీ తోలేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడే మనిషికైతే యాప్‌ కన్నా, మాత్ర కన్నా ముందు స్లీప్‌ ఆప్నియా పరీక్ష చేయించాలి.