మన్యం ప్రయాణం - మలేరియా భయం

ప్రశ్న: విశాఖపట్నంలో మా అన్నయ్య ఇంట్లో దిగి, అక్కడినుంచి బొర్రా గుహలు, అరకు, పాడేరు చూసి రావాలనుకుంటున్నాం. నా భార్యకు అయిదో నెల. అటువైపు మలేరియా ఉందంటున్నారు. వెళ్ళవచ్చునా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మన్యంలో మలేరియా ఉన్నమాట నిజమే. అందులో ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే ప్రాణాపాయం. గర్భిణులకు ఈ జ్వరం మరింత తీవ్రంగా వస్తుంది. గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. కేవలం విహారానికే అయితే, కాన్పు అయ్యేదాకా ఆగడం మేలు.

తప్పనిసరిగా వెళ్ళవలసివస్తే మన్యంలో రాత్రి బస చేయకండి. మలేరియా దోమ కుట్టేది సందెవేళ నుంచి తెల్లవారేలోగా. అలాగని పట్నంలో అశ్రద్ధ పనికిరాదు. డెంగీ దోమ పగలే కుడుతుంది. ఒళ్ళంతా కప్పే బట్టలు, పడుకునేటప్పుడు దోమతెర వాడండి. ముందుజాగ్రత్త మాత్రలు సొంతంగా కొని వేయకండి. డాక్సీసైక్లిన్, ప్రిమాక్విన్ వంటివి గర్భిణులకు ఇవ్వకూడదు.

ముఖ్యమైన సంగతి మరొకటి. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. సాధారణంగా 10-15 రోజులు పడుతుంది, ఒక్కొక్కప్పుడు నెలలు కూడా. అప్పటికి మీరు తెనాలిలో ఉంటారు. చలి, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. మన్యం వెళ్ళివచ్చిన సంగతి డాక్టరుగారు అడగకపోయినా చెప్పండి. చెమటపట్టి జ్వరం దిగిందని ఊరుకోకండి. అది మళ్ళీ వస్తుంది. ఈ జాగ్రత్త మీకూ వర్తిస్తుంది.