సంఘమునకొక ట్రాన్సిస్టరు

మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులలో తుపానువేళ ఎగురవేయు ప్రమాద సూచికలను గూర్చి మన తీరప్రాంతపు రైతులు బాల్యమునుండి వినుచున్నవారే. ఒకటవ నెంబరు మొదలుకొని ఇట్టివి మొత్తము 11 కలవు. 8, 9, 10 నెంబరులు మహాప్రమాదమును తెలుపును. అయితే 11వ నెంబరు దేనిని తెలుపునో మనలో పెక్కు మంది యెరుగరు. అది గాలి వేగమును గాని, తుపాను నడచు దిక్కును గాని తెలుపునది కాదు. తుపాను హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదని మాత్రమే దాని యర్థము. పదవ నెంబరునకు మించిన యాపద వార్త తెగిపోవుటయే యని ఈ వరుసను ఏర్పరచిన పెద్దలు తలంచిరి కాబోలు. ఆ 11వ నెంబరు నాడు మన గ్రామములలో వార్త యే దారిని వచ్చునో సభ్యులెల్లరు ఆలోచింపవలయునని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ప్రతి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమును, మీడియంవేవు, ఎఫ్.ఎం.లతోపాటు షార్టువేవు కూడ పలుకునట్టి ట్రాన్సిస్టరు రేడియో నొకదానిని సంఘపు సొమ్ముతో కొని, దానిని సదా పలుకు స్థితిలో నుంచవలయునని నా మనవి. ఈ మాట చెప్పగనే నవ్వువారు కలరు. ప్రతివాని జేబులోను ఫోను ఉన్న యీ దినములలో తాతలనాటి డబ్బా మనకేల యని వారడుగుదురు. ఆ ప్రశ్న సహేతుకమైనదే కావున దానికి సమాధానము చెప్పవలసియున్నది.

ఫోను తనంతట తాను పలుకునది కాదు. దానికి టవరు కావలయును, టవరునకు కరెంటు కావలయును. కరెంటు పోయినపుడు టవరు వద్దనున్న బ్యాటరీలును డీజిలు యంత్రమును కొంతకాలము నడుపగలవు. డీజిలు తెచ్చు బండికి దారి లేక, చెట్లును స్తంభములును రోడ్డున కడ్డముగా పడియున్నచో అదియు ఆగిపోవును. 2014లో హుద్‌హుద్ తుపానునాడు విశాఖ మండలమున జరిగినది ఇదియే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసినపుడును గ్రామములు చీకటిలో మునిగెను. ఊరిలో నూరు ఫోనులున్నను, అవి అన్నియు ఒక్క టవరును నమ్ముకొనినవే. ఒక్క మోటారుమీద నూరెకరముల పంట ఆధారపడినట్టి స్థితి యిది.

ఇక నా యెరుకలో జరిగినదానిని చెప్పెదను. హుద్‌హుద్ తీరము దాటినది 2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నము. విశాఖ ప్రాంతమునందలి మా సంఘమునకు అప్పటికే ఒక రేడియో కలదు. మూడేండ్లకు పూర్వము కొనినది. పాలకవర్గములో నేనును సభ్యుడనే. ముందునాటి సాయంకాలము గుమాస్తా బీరువా తెరచి దానిని వెలికి తీసెను. మీట త్రిప్పగా పలుకలేదు. వెనుకమూత తీసి చూచితిమి. లోపలి సెల్లులు ఉబ్బి, కారి, ఇత్తడి రేకులన్నియు పచ్చని చిలుముపట్టియుండెను. కొనిన నాటినుండి ఎవ్వరును దానిని విప్పి చూచినవారు కారు. లెక్కల పుస్తకములో మాత్రము అది సంఘపు ఆస్తిగా ఏటేట చక్కగా నమోదగుచునే యుండెను. ఆ తప్పులో నాకును పాలు కలదు.

మా వీధి చివర నొక వృద్ధరైతు ఉండెడివారు. ఆయన తన పాత ట్రాన్సిస్టరును తుండుగుడ్డలో చుట్టి గూటిలో పెట్టుకొని, రాత్రి వార్తలు వినిన పిమ్మట గాని నిద్రించెడివారు కారు. మరునాడు మధ్యాహ్నము గాలి హోరు చప్పున తగ్గెను. ఆకాశము కొంత తేటపడెను. తుపాను దాటిపోయినదనుకొని అయిదుగురు పడుచువాండ్రు ఊరిబయటి పశువుల సాలకు బయలుదేరిరి. ఆ పెద్దాయన వాకిటికి వచ్చి, “నాయనలారా, వెళ్లకుడు. నడుమ గాలి ఆగునట, మరల ఎదురుదిక్కునుండి వచ్చునట. రాత్రి రేడియోలో చెప్పినారు” అని కేకవేసెను. “తాతా, నీ రేడియోకేమి, గేదెలు కట్లకే యున్నవి” అని వారు విసుగుకొనుచునే వెనుకకు వచ్చిరి. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కునుండి విరుచుకొనిపడెను. సాలపై రేకులు ఎగిరి, వారు నడువవలసిన డొంకలోనే పడియుండుట మరునాడు చూచితిమి. గేదెలు రెండు పోయినవి. మనుష్యులు అయిదుగురును దక్కిరి.

తుపాను కన్ను మీదుగా పోయినచోట గాలి కొంతసేపు ఆగుననియు, తరువాత ఎదురుదిక్కునుండి అంతటి బలముతోనే వచ్చుననియు వాతావరణశాఖవారు ఎప్పటినుండియో చెప్పుచున్నదే. ఆ మాట మా యూరికి ఆ దినమున ఒక ముసలివాని గూటినుండి వచ్చెను గాని, 600 మంది సభ్యులుగల సంఘపు బీరువానుండి రాలేదు.

తదుపరి దినములలో కరెంటు లేదు, ఫోను లేదు. సాయంకాలమగుసరికి ఆ పెద్దాయన అరుగుమీద ముప్పది నలుబదిమంది చేరెడివారు. వెంటనే మరియొక తుపాను వచ్చుచున్నదని వదంతి పుట్టినది. వార్తలలో ఆ మాట లేకుండుట వినిన పిమ్మటనే జనులు కుదుటపడిరి. దగ్గరి కేంద్రము సరిగా వినబడని రాత్రులలో ఆయన షార్టువేవుమీద ఢిల్లీ వార్తలను పట్టెడివారు. కళాశాలలో చదువు బాలుడొకడు హిందీ మాటలను విని తెలుగున చెప్పెడివాడు.

షార్టువేవు దూరము పోవుటకు కారణము తెలిసికొనుట మంచిది. 3 మొదలు 30 మెగాహెర్ట్‌జుల వరకు గల తరంగములను షార్టువేవు అందురు. భూమికి సుమారు 100 మొదలు 400 కిలోమీటర్ల యెత్తున విద్యుదావేశముగల వాయుపొరలు కలవు. ఎఫ్.ఎం. తరంగము వానిని చీల్చుకొని పైకి పోవును గావున, ఎఫ్.ఎం. కేంద్రము ఇంచుమించు చూపుమేరకే వినబడును. షార్టువేవు తరంగమో, చెరువునీటిపై విసరిన పెంకు ఎగిరెగిరి పోవునట్లు, ఆ పొరకు తగిలి నేలకు దిగి, మరల పైకెగసి వేల కిలోమీటర్లు పోగలదు. మన పెద్దలు రేడియో సిలోనునుండి తెలుగు సినిమాపాటలను అరుగులమీద కూర్చుండి వినినది ఈ తరంగముల మహిమచేతనే. పాట వచ్చిన దారినే ఆపద్వార్తయు రాగలదు. మన జిల్లాలోని కేంద్రము కూలినను, దూరపు కేంద్రము కూలదు గదా.

అయితే సత్యమును దాచరాదు. షార్టువేవునకు పూర్వపు వైభవము లేదు. ఆకాశవాణివారి షార్టువేవు ప్రసారములలో పెక్కు నిలిచిపోయినవి. బి.బి.సి.వారి హిందీ షార్టువేవు ప్రసారము 2020 జనవరితో ముగిసినది. ఇప్పుడు షార్టువేవుమీద తెలుగుమాట దొరకుట అరుదు. కావున నిత్యావసరమునకు మీడియంవేవును, ఎఫ్.ఎం.ను ముఖ్యమని నేనును ఒప్పుకొందును. షార్టువేవు మిగిలిన దారులన్నియు మూసికొనిన నాటి దారి. 2022లో యుక్రెయిను దేశమున యుద్ధము వచ్చినపుడు, ఈ కాలమునకు పనికిరాదని విడిచిన షార్టువేవునే బి.బి.సి.వారు మరల చేపట్టి ఆ దేశమునకు దినమునకు నాలుగు గంటలు వార్తలు పంపిరి. 2023 మేలో సూడాను దేశపు అంతర్యుద్ధమున అరబ్బీభాషలో అట్లే చేసిరి. వానలు చక్కగా కురియు యేడు బావి పూడ్చుకొనిన రైతు కరవునాడేమగునో మనమెరుగుదుము.

ఇది యెవరికి వారు కొనుక్కొనవలసిన వస్తువుగాని, సంఘమునకేమి సంబంధమని కొందరందురు. కొనగలవారు తప్పక కొనవచ్చును. పూర్వమువలె తపాలాకచేరిలో రేడియో లైసెన్సు రుసుము కట్టవలసిన పనియు లేదు. కాని కూలిపనిచేయు సభ్యుడును, ఒంటరిగా నుండు వృద్ధురాలును కొనలేరు, నిలుపుకొనలేరు. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్యవారు మాంచెస్టరు నగరమున అంగీకరించిన ఏడు సూత్రములలో అయిదవది సభ్యులకు విద్య, శిక్షణ, సమాచారము నందించుట. ఏడవది చుట్టునున్న సమాజపు క్షేమమును చూచుట. ఎరువులు, విత్తనములు, అప్పులు ఇచ్చుటతోనే సంఘధర్మము తీరిపోవునని యెందును లేదు.

రేడియోను కలిసి వినుటయు మన దేశమునకు క్రొత్త కాదు. 1956లో ఆకాశవాణివారు యునెస్కో సాయముతో పుణే ప్రాంతమున సుమారు 150 గ్రామములలో రైతు శ్రవణ సంఘములను నెలకొల్పిరి. రైతులు ఒకచోట చేరి ప్రసారమును వినుటయు, పిదప దానిని చర్చించుకొని సందేహములను కేంద్రమునకు వ్రాయుటయు అందలి పద్ధతి. అది సఫలమై తరువాత ఇతర రాష్ట్రములకును వ్యాపించెను. మా ప్రాంతమునను ఒకప్పుడు పంచాయతీ రేడియోలు లౌడుస్పీకరులతో మ్రోగెడివి. సెట్టు చెడినపుడు బాగుచేయించు బాధ్యత ఫలానావానిదని నిర్ణయము లేకపోవుటచే అవి మూగవోయినవి. మా సంఘపు రేడియోయు అట్లే చచ్చినది. కొనుట ఒకనాటి పని. నిలుపుకొనుట ఏడాది పొడవున చేయవలసిన పని.

కావున తీర్మానములో సెట్టుతోపాటు ఈ నియమములును వ్రాసికొనవలయును. సెట్టు ఒకరి పేర అప్పగింపబడవలయును. వాడనపుడు సెల్లులు లోపల నుండరాదు. వానిని వేరుగా పొడిచోట నుంచి, క్రొత్తజత నొకటి సదా సిద్ధముగా నుంచవలయును. ప్రతినెల సమావేశమునకు ముందు అయిదు నిమిషములు రేడియోను పలికించి, పలికినదని మినిట్సు పుస్తకములో వ్రాయవలయును. ఏ కేంద్రము ఏ వేళ ఎచ్చట వినబడునో ఒక అట్టమీద వ్రాసి సెట్టునకు కట్టవలయును.

వినుటలోను కొంత నేర్పు కలదు. షార్టువేవున పగటివేళ 19, 16 మీటర్ల బ్యాండులును, రాత్రివేళ 49, 41 మీటర్ల బ్యాండులును వెదుకవలయును. 31, 25 మీటర్ల బ్యాండులు సాయంకాలమునకు అనువైనవి. మీడియంవేవున దూరపు కేంద్రములు రాత్రియే బాగుగ వినబడును. రేకుల కప్పుక్రింద ధ్వని సన్నగిల్లును గావున కిటికీ వద్దకు గాని వసారాలోనికి గాని తేవలయును. ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జరులు గరగర చప్పుడు పుట్టించును. వానిని ఆర్పినచో మాట తేటపడును. పదునైదు ఇరువది అడుగుల తొడుగుతీగను సెట్టు కడ్డీకి తగిలించి దండెమువలె కట్టినచో బలహీనమైన కేంద్రము గూడ అందును. ఉరుములు మెరుపులు ఉన్నపుడు మాత్రము ఆ తీగను తప్పక ఊడదీయవలయును. విపత్తువేళ దినమంతయు పలికింపక, వార్తల వేళలకు మాత్రము విప్పినచో సెల్లులు చాల దినములు నిలుచును.

దీనికగు వ్యయము రెండు బస్తాల ధాన్యపు వెలకు మించదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనలో పదివేలకు పైగా జనులు ప్రాణములు కోల్పోయిరి. నాటినుండి నేటికి తుపాను రాకను కనిపెట్టు విద్య యెంతయో పెరిగినది. ఆకాశమున ఉపగ్రహములు, తీరమున రాడారులు వెలసినవి. హెచ్చరికను పంపుట ప్రభుత్వపు పని. దానిని అందుకొనుటకు చెవి యొగ్గి యుండుట మన పని. మొదటి పని యెంత చక్కగా జరిగినను, రెండవది జరుగనిచో ఫలము సున్న.

మా గ్రామపు పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన గూటి ట్రాన్సిస్టరు ఆయనతోనే పోయినది. అట్టివారొకరు మీ యూరనున్న మీ యదృష్టము. అదృష్టముపై ఆధారపడకుండుటకే గదా మనము సంఘముగా చేరితిమి. ఆశ్వయుజ, కార్తికముల గాలివానలు రాకముందే జరుగు మహాజనసభలో ఈ తీర్మానమును ప్రతిపాదింపుడని సభ్యసోదరులను, సోదరీమణులను ప్రార్థించుచున్నాను. ఇదివరకే రేడియోగల సంఘములవారు నేడే బీరువా తెరచి, వెనుకమూత విప్పి చూడవలయునని నా ప్రత్యేక మనవి.