పాత కంప్యూటర్ల పేరిట చవక కంప్యూటర్లపై వేటు

పాత వర్క్‌స్టేషన్ మీద లైనక్స్ నడుస్తుందా లేదా అన్నది మూడు అంశాల మీద ఆధారపడుతుంది. ప్రాసెసర్‌కు ఏయే ఇన్‌స్ట్రక్షన్లు తెలుసు, కెర్నెల్‌లో ఏయే డ్రైవర్లు ఉన్నాయి, వీటన్నిటినీ ప్యాకేజీలుగా కట్టి ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ ఏం నిర్ణయించింది. మొదటి రెండూ సాంకేతిక పరిమితులు. మూడోది విధానం. 2025 మే నెలలో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 లక్షణంగా పనిచేస్తున్న యంత్రాలను బయటికి నెట్టింది ఈ మూడో కారణంతోనే. ఆ నిర్ణయం తప్పు. దాన్ని వెనకేసుకొస్తూ వినిపిస్తున్న ‘కాలం చెల్లిన హార్డ్‌వేర్’ వాదన అంతకన్నా తప్పు.

64 బిట్ ఎక్స్86 ప్రాసెసర్లు 2003లో ఏఎమ్‌డీ ఆప్టెరాన్‌తో మొదలయ్యాయి. ఆ తర్వాత ఒక్కో తరంలో కొత్త ఇన్‌స్ట్రక్షన్లు చేరుతూ వచ్చాయి. 2020లో ఏఎమ్‌డీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసే కలిసి వీటిని నాలుగు స్థాయులుగా విభజించాయి. తొలినాటి సామర్థ్యం వీ1. ఎస్‌ఎస్‌ఈ 4.2 వరకు ఉంటే వీ2. ఇంటెల్‌లో ఇది 2008 నాటి నెహలెమ్‌తో వచ్చింది. ఏవీఎక్స్, ఏవీఎక్స్2, ఎఫ్‌ఎమ్‌ఏ వంటివి కూడా ఉంటే వీ3. ఇది 2013 నాటి హాస్వెల్‌తో వచ్చింది. ఏవీఎక్స్-512 ఉంటే వీ4. రెడ్ హ్యాట్ తన 9వ వెర్షన్‌కు వీ2ను కనీస అర్హతగా పెట్టింది. 10వ వెర్షన్‌కు దాన్ని వీ3కి పెంచింది. వీ2 ప్రాసెసర్ మీద ఈ 10వ వెర్షన్‌ను బూట్ చేస్తే, ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన గ్లిబ్‌సీ లైబ్రరీ మొదట్లోనే ప్రాసెసర్‌ను తిరస్కరిస్తుంది. సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది. తక్కువ వేగంతోనైనా నడిచే అవకాశం ఉండదు.

ఈ మార్పును సమర్థించేవారి లెక్క చాలా సులువైనది. హాస్వెల్ వచ్చింది 2013లో. రెడ్ హ్యాట్ 10 వచ్చేనాటికి పన్నెండేళ్లు. పన్నెండేళ్ల యంత్రాన్ని ఇంకా మోయాలా అన్నది వారి ప్రశ్న. ఈ లెక్కలో ఒక వాస్తవం ఎక్కడా కనిపించదు. ఇంటెల్ 2013 నుంచి ఏవీఎక్స్2ను కోర్ శ్రేణికి ఇచ్చింది గానీ, పెంటియం, సెలెరాన్ పేర్లతో అమ్మిన చవక రకాలకు ఏళ్ల తరబడి ఇవ్వలేదు. 2020లో విడుదలైన పెంటియం గోల్డ్ జీ6400లో ఏవీఎక్స్2 లేదు. ఏవీఎక్స్ కూడా లేదు. అదే తరానికి చెంది, అదే సాకెట్‌లో కూర్చునే కోర్ ఐ3-10100లో రెండూ ఉన్నాయి. ఫలితం ఇది: 2013 నాటి కోర్ ఐ5-4570కి ఈ కొత్త సిస్టమ్‌లో ప్రవేశం ఉంది, 2020 నాటి పెంటియానికి లేదు. ఏడేళ్లు పాతది లోపల, ఏడేళ్లు కొత్తది బయట. దీన్ని వయసును బట్టి గీసిన గీత అని ఎవరూ అనలేరు. కొన్నప్పుడు ఎంత పెట్టి కొన్నారన్నదే ఇక్కడ అర్హతను నిర్ణయించింది.

వర్క్‌స్టేషన్ల విషయంలోనూ 2013 అన్న గీత నిలవదు. వాటిలో వాడే ఈ5 శ్రేణి జియాన్ ప్రాసెసర్లకు ఏవీఎక్స్2 డెస్క్‌టాప్ రకాల తర్వాతే చేరింది. జియాన్ ఈ5-1620 రెండో వెర్షన్ 2013 సెప్టెంబరులో, అంటే హాస్వెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చాకే విడుదలైంది. అయినా అది ముందు తరం ఐవీ బ్రిడ్జ్ నిర్మాణమే, కాబట్టి ఏవీఎక్స్2 లేదు. ఆ శ్రేణికి ఏవీఎక్స్2 అందింది 2014 సెప్టెంబరులో. హెచ్‌పీ జెడ్420, డెల్ ప్రెసిషన్ టీ3600 వంటివి ఈ గీతకు అవతల మిగిలిపోయిన యంత్రాలు. జెడ్420లో 64 జీబీ వరకు ఈసీసీ మెమరీ వేసుకోవచ్చు. డేటాలో దొర్లిన ఒక బిట్ తప్పును తనంతట తాను సరిదిద్దుకునే మెమరీ అది. ఆ సదుపాయం లేని ఇంటి డెస్క్‌టాప్ ఐ5 అర్హత సాధించి, గట్టి పనికోసం కట్టిన వర్క్‌స్టేషన్ అనర్హమైంది.

విండోస్ 11తో పోల్చి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. టీపీఎమ్ 2.0 భద్రతా మాడ్యూల్ కావాలని, ఎనిమిదో తరానికి ముందరి ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఏవీ పనికిరావని మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధనను ఓపెన్ సోర్స్ వర్గాలు తీవ్రంగా విమర్శించాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగిసినప్పుడు పాత కంప్యూటర్లకు లైనక్సే దిక్కని చెప్పాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో పెంటియం గోల్డ్ జీ6400 ఉంది. మైక్రోసాఫ్ట్ తిరస్కరించని 2020 నాటి ప్రాసెసర్‌ను ఒక ప్రధాన లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ తిరస్కరించింది. దీని మీద అదే స్థాయి విమర్శ వినిపించాలి.

వీ3 వల్ల వేగం పెరుగుతుందన్నది రెండో వాదన. ఎంత పెరుగుతుందో ఉబుంటు సంస్థ కానానికల్ కొలిచి చూసింది. మొత్తం ప్యాకేజీలను వీ3కి తిరిగి కంపైల్ చేస్తే ఎక్కువ వాటిలో కనిపించిన మెరుగుదల సుమారు 1 శాతం. అంకెల లెక్కలు భారీగా చేసే కొన్ని ప్యాకేజీల్లో మాత్రమే అంతకు మించి ఉంది. ఆ కొన్నింటికి లాభం అందించడానికి మిగతా యంత్రాలను గెంటేయనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన గ్లిబ్‌సీ 2.33లోనే అందుకు ఏర్పాటు ఉంది. ఒకే లైబ్రరీకి వీ2, వీ3 రూపాలు రెండూ డిస్క్‌లో ఉంచితే, ప్రాసెసర్‌ను చూసి తగినదాన్ని అదే లోడ్ చేస్తుంది. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఈ పద్ధతిని వాడుతోంది. ఉబుంటు 25.10లో వీ3 ప్యాకేజీలు కోరుకున్నవారికి మాత్రమే. సూసే ఎంటర్‌ప్రైజ్ 16 వీ2 దగ్గరే ఆగింది. ఏవీఎక్స్2ను తప్పనిసరి చేయాలని 2019లో ఫెడోరాలో వచ్చిన ప్రతిపాదన కూడా వ్యతిరేకత వల్ల ముందుకు సాగలేదు.

పాత ప్రాసెసర్లకు ఈ వెర్షన్ ఇవ్వడం సాధ్యం కాదన్న మాట ఇంకా బలహీనమైనది. అది సాధ్యమని అల్మాలైనక్స్ చేసి చూపించింది. రెడ్ హ్యాట్ 10కి అనుగుణంగా 2025 మే నెలలోనే వెలువడిన అల్మాలైనక్స్ 10, వీ3తో పాటు వీ2కూ విడిగా ఇమేజ్ ఇచ్చింది. అదనపు ప్యాకేజీల భాండాగారమైన ఎపెల్‌నూ వీ2 కోసం కంపైల్ చేసింది. అసలు లైనక్స్ కెర్నెల్‌కు ఏవీఎక్స్2 అవసరమే లేదు. కంపైలర్‌కు ఇచ్చే లక్ష్య స్థాయిని మార్చి, ప్యాకేజీలను మళ్లీ కట్టి, మళ్లీ పరీక్షించారు. 2020 నాటి పెంటియం మీద ఇప్పుడు ఆ సిస్టమ్ నడుస్తుంది.

రెడ్ హ్యాట్ వైపు నుంచి చెప్పగలిగినవి రెండు ఉన్నాయి. 9వ వెర్షన్‌కు మద్దతు 2032 వరకు ఉంది కాబట్టి వీ2 యంత్రాలు రేపే మూలపడవు. పైగా రెండు స్థాయుల్లో పరీక్షించడం ఖర్చుతో కూడిన పని. మొదటిది నిజమే, కానీ అది వాయిదా మాత్రమే. కొత్త వెర్షన్ కోసమే తయారయ్యే సాఫ్ట్‌వేర్ పాతదాని మీదికి రాదు. రెండోదీ నిజమే, కానీ రెడ్ హ్యాట్ యజమాని ఐబీఎమ్. విరాళాలు, స్పాన్సర్ల మీద నడిచే అల్మాలైనక్స్ ఫౌండేషన్ భరించిన ఖర్చును ఐబీఎమ్ భరించలేదనడం ఒప్పుకోదగినది కాదు.

హార్డ్‌వేర్ నిజంగానే పొసగని సందర్భాలు వేరే ఉన్నాయి. పాత వర్క్‌స్టేషన్లలోని ఎన్విడియా క్వాడ్రో కార్డులు అందులో ముఖ్యమైనవి. ఫెర్మీ తరం కార్డులకు 390 శ్రేణి డ్రైవర్ మద్దతు 2022తో, కెప్లర్ తరానికి 470 శ్రేణి మద్దతు 2024తో ముగిశాయి. ఈ డ్రైవర్ల సోర్స్ మూసి ఉంది. కెర్నెల్ మారినప్పుడు వాటిని సరిచేసే అవకాశం బయటివారికి పరిమితం. మిగిలింది నూవో అనే ఓపెన్ డ్రైవర్. దానితో తెర వెలుగుతుంది గానీ కార్డు పూర్తి వేగం అందుకోవడం కష్టం. అదే ఏఎమ్‌డీ 2009లో తెచ్చిన రేడియాన్ హెచ్‌డీ 5000 శ్రేణికి ఓపెన్ డ్రైవర్ ఉండటంతో అది నేటికీ కెర్నెల్‌లో, మెసా గ్రాఫిక్స్ లైబ్రరీలో కొనసాగుతోంది. 1985 నాటి ఇంటెల్ 386కు లైనక్స్ కెర్నెల్ మద్దతు తీసివేసింది 2012 డిసెంబరులో, 27 ఏళ్ల తర్వాత. సోర్స్ తెరిచి ఉంటే హార్డ్‌వేర్ ఎంతకాలం బతుకుతుందో ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి. సోర్స్ మూసినందువల్ల ఎన్విడియా కార్డు ఆగిపోతే కారణం అర్థమవుతుంది. సోర్స్ అంతా తెరిచి ఉండి, కెర్నెల్ అంగీకరిస్తూ ఉండి, 2020 నాటి పెంటియం ఆగిపోవడానికి కంపెనీ నిర్ణయం తప్ప వేరే కారణం లేదు.

ఆ నిర్ణయాన్ని రెడ్ హ్యాట్‌కు అనుగుణంగా తయారయ్యే రాకీ లైనక్స్ 10, ఆరకిల్ లైనక్స్ 10 ప్రశ్నించకుండా అనుసరించాయి. ఉచితంగా దొరికే లైనక్స్‌ను ఎక్కువగా ఆశ్రయించేది డబ్బు లేని కాలేజీ ల్యాబులు, చిన్న కార్యాలయాలు. పెంటియం, సెలెరాన్ యంత్రాలు కొనేదీ ఇలాంటి చోట్లే. లైనక్స్ అవసరం ఎవరికి ఎక్కువో వారినే ఈ గీత తొలగిస్తోంది. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. ఉన్న యంత్రాలను చెత్తకుప్పకు పంపించే ఓపెన్ సోర్స్‌తో ఆ విధానం నెరవేరదు. ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు లైనక్స్ కోసం పిలిచే టెండర్లలో వీ2 మద్దతును తప్పనిసరి షరతుగా రాయాలి. ఆ షరతు తీర్చలేని డిస్ట్రిబ్యూషన్‌ను, దాని పేరు ఎంత పెద్దదైనా, పక్కన పెట్టాలి. 1 శాతం వేగం కోసం 2020 నాటి కంప్యూటర్‌ను పాతదని ముద్ర వేయడం ఇంజినీరింగ్ అవసరం కాదు. వినియోగదారుల పట్ల బాధ్యతారాహిత్యం.