నాయనమ్మ మాట... ముఖలింగం బాట

గుళ్లు చూడ్డానికి వెళ్లిందో కుటుంబం. గుళ్లతోపాటు కడుపునిండా ఊరి భోజనం, ఇంట్లో వినబడకుండా పోయిన ఓ గొంతూ దొరికాయి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో గడిచిన ఓ ఆదివారం ముచ్చట ఇది.

విశాఖలో కారు బయల్దేరేసరికి ఉదయం ఆరు. వెనక సీట్లో కిటికీ పక్కన నాయనమ్మ. ఒళ్లో కొబ్బరికాయలు, అరటిపళ్ల సంచి. పక్కన ఎనిమిదో తరగతి మనవడు, ఐదో తరగతి మనవరాలు. ముందు కొడుకు, కోడలు.

‘‘బేగి పోనీరా బాబూ, ఎండెక్కిపోద్ది’’ అంది నాయనమ్మ.

‘‘బేగి అంట!’’ అని చెల్లెలి చెవిలో ఊదాడు మనవడు. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. అంతే, ఆవిడ నోరు విప్పలేదు. అద్దంలోంచి కొడుకు అదంతా చూస్తూనే ఉన్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు వీధి వీధంతా వినబడేలా మాట్లాడిన మనిషి. భర్త పోయాక విశాఖ వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో ఎవరో నవ్వారు, పిల్లలూ నవ్వారు. మెల్లగా మాటలు తగ్గించేసింది. ఎన్నాళ్లుగానో ఆవిడ కోరిన కోరిక ఒక్కటే... ఓసారి ముఖలింగం వెళ్లాలని. మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే తీసుకెళ్దామని బయల్దేరారు.

శ్రీకాకుళం దాటి నరసన్నపేటలో టిఫిన్. వేడివేడి ఇడ్లీ, పైన శనగపిండితో చేసిన బొంబాయి చట్నీ. పిల్లలు రెండోసారి వేయించుకున్నారు. అక్కణ్నుంచి జాతీయ రహదారి వదిలి జలుమూరు వైపు మలుపు తిరిగితే పొలాలు, తాటిచెట్లు, దూరంగా కొండలు.

ఊరి మొదట్లోనే సోమేశ్వరుడు

ఊళ్లోకి అడుగుపెడుతుండగానే పలకరించేది సోమేశ్వరాలయం. ముందు మండపమంటూ ఏమీ లేదు. గర్భగుడి, దానిమీద ఆకాశంలోకి లేచిన శిఖరం... అంతే. ద్వారానికి గంగ, యమున. గోడలనిండా శిల్పాలు.

‘‘నాన్నా, ఇది ఒడిశా గుడిలా ఉందే!’’ అంది కిందటేడు భువనేశ్వర్ చూసొచ్చిన మనవరాలు.

పిల్ల మాట నిజమే. ఇవి తూర్పు గాంగుల కాలం నాటి గుళ్లు. ముఖలింగమే వాళ్ల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. 1078లో పట్టాభిషేకం జరిగిన అనంతవర్మ చోడగంగదేవుడు ఇక్కణ్నుంచే పాలన మొదలుపెట్టాడు. తర్వాత రాజధాని కటకానికి తరలిపోయింది. పూరీ జగన్నాథుడి పెద్దగుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశంవాడే. పూరీ, కోణార్క చూసొచ్చే మనలో చాలామంది దారిలోనే ఉన్న ఈ ఊరివైపు తలైనా తిప్పరు.

గుమ్మం చిన్నది... గోలెం పెద్దది!

ఊరి నడుమ ఉన్నది అసలు గుడి. శ్రీముఖలింగేశ్వరుడు, మధుకేశ్వరుడు... రెండూ స్వామి పేర్లే. మధుకమంటే ఇప్పచెట్టు. పూర్వం ఇక్కడో సవరరాజుకు ఇద్దరు భార్యలు. ఇప్పపూల దగ్గర ఇద్దరికీ తగువు. విసిగిపోయిన రాజు చెట్టునే నరికేయబోతే, మొదట్లోంచి శివుడు ముఖం చూపించాడట. ఆ మొదలే లింగమైందని స్థలపురాణం. ద్వారం చుట్టూ చెక్కిన లతల్లో చిన్నచిన్న బొమ్మలు వెతుక్కుంటుంటే పిల్లలకు కాలమే తెలియలేదు. వారాహి అమ్మవారి దర్శనమూ అయింది.

గర్భగుడిలో లింగం వెనక పెద్ద గోలెం ఉంటుంది. దాన్ని చూడగానే నాయనమ్మ కళ్లు మెరిశాయి. ఉదయం నుంచీ మూసుకున్న నోరు తెరుచుకుంది.

‘‘గుమ్మం సిన్నది, గోలెం పెద్దది. నోపలికెలా ఎల్లిందో సెప్పండి సూద్దాం!’’

పిల్లలు గుమ్మం వంక, గోలెం వంక మార్చిమార్చి చూశారు. ‘‘గోలెం పెట్టాకే గుడి కట్టారేమో’’ అన్నాడు మనవడు. ఆవిడ అడ్డంగా తలూపి కథ మొదలుపెట్టింది. పిల్లల్లేని కుమ్మరి మొక్కుకోవడం, బిడ్డ పుట్టడం, మొక్కు తీర్చడానికి తెచ్చిన గోలెం గుమ్మంలో పట్టకపోవడం, బయట వదిలేసి కన్నీళ్లతో ఇంటికెళ్లిపోతే స్వామే దాన్ని లోపలికి తీసుకోవడం... ఈసారి ‘సిన్నది’ విని ఎవరూ నవ్వలేదు. కథ అలాంటిది.

గోడమీది తెలుగు

బయట గోడమీద చెక్కిన అక్షరాల దగ్గర మనవడు ఆగిపోయాడు. కొన్ని సంస్కృతంలో, కొన్ని తెలుగులో ఉన్న శాసనాలవి. ఎంత కూడబలుక్కున్నా ఒక్క ముక్కా అర్థం కాలేదు.

‘‘వీటిని చదవాలనే ఓ మాస్టారు పాతకాలపు లిపులు సొంతంగా నేర్చుకున్నాడు. ఎవరో తెలుసా? ఆగస్టు 29న నువ్వు స్కూల్లో స్పీచ్ ఇచ్చావే, ఆయనే’’ అన్నాడు తండ్రి.

‘‘గిడుగు రామమూర్తి పంతులా!’’

అవును, ఆయనే. 1863లో పుట్టింది ముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ శాసనాలు చదివారు. ముఖలింగమే కళింగనగరమని వ్యాసాలు రాశారు. పుస్తకాల్లోని గ్రాంథికం కాదు, నోటితో మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని పోరాడారు. అక్కడితో ఆగలేదు. కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అందరూ చిన్నచూపు చూసే భాషకూ ఓ పద్ధతి ఉంటుందని చూపించారు.

‘వాడుక భాషా పితామహుడు’ అని మనవడు బట్టీపట్టి చెప్పి ప్రైజు తెచ్చుకున్నాడు. ఆయనది నాయనమ్మ వాళ్ల వైపేనని ఇప్పుడే తెలిసింది. వాడు ఓసారి నాయనమ్మ వంక చూశాడు. ఏమీ అనలేదు.

చోడి అంబలి... ఆవ కూర

భీమేశ్వరాలయం కూడా చూసేసరికి ఒంటిగంట. భోజనం ఆ ఊళ్లోనే, నాయనమ్మ చెల్లెలింట్లో. కాళ్లు కడుక్కోగానే చేతికి చోడి అంబలి గ్లాసులొచ్చాయి. రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు. మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకు తాగితే ఎండలో తిరిగిన ప్రాణం లేచొస్తుంది.

తర్వాత విస్తళ్లు. ఆవ పెట్టిన అరటికాయ కూర, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, ఉలవచారు, వడియాలు. ఆవఘాటు ముక్కుకెక్కి మనవరాలికి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా కూర మళ్లీ వేయించుకుంది.

‘‘అత్తయ్యా, ఈ ఆవ మన ఇంట్లో ఎప్పుడూ పెట్టలేదేం?’’ అంది కోడలు.

‘‘మీకు నచ్చుద్దో నేదోనని అమ్మా...’’

మాటలే కాదు, రుచుల్నీ ఆవిడ లోపలే దాచేసుకుందని కోడలికి అప్పుడర్థమైంది. ఆవ నూరే కొలత అక్కడే అడిగి తెలుసుకుంది.

సాయంత్రం వంశధార ఒడ్డు. శివరాత్రి వేడుకల్లో చక్రతీర్థ స్నానానికి జనంతో నిండిపోయే రేవు. ఆరోజు మాత్రం ప్రశాంతంగా ఉంది. అక్కాచెల్లెళ్లు ఇసుకలో కూర్చుని గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. నాయనమ్మ గొంతు అంత పెద్దదని పిల్లలకు ఆరోజే తెలిసింది.

తిరుగు ప్రయాణంలో చీకటిపడింది. రోడ్డు పక్క ఆగి కొన్న ముంత మసాలా అయిపోయింది. చెల్లెలు నిద్రలోకి జారుకుంది.

‘‘ఇంకో కథ చెప్పు నాయనమ్మా’’ అన్నాడు మనవడు.

‘‘ఇంటికెల్లాక సెప్తానురా.’’

‘‘అదేం కుదర్దు. బేగి చెప్పు!’’

ఈసారి ముందుగా నవ్వింది నాయనమ్మే.

ఎలా వెళ్లాలి?

శ్రీముఖలింగం శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో ఉంది. శ్రీకాకుళం నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, రోడ్డు మార్గాన చేరుకోవచ్చు. కార్తీకమాసంలో, శివరాత్రికి రద్దీ ఎక్కువ. శిల్పాలు తీరిగ్గా చూడాలంటే మామూలు రోజులే మేలు. పొద్దున్నే బయల్దేరితే అరసవల్లి సూర్యనారాయణుణ్నీ, శ్రీకూర్మాన్నీ అదేరోజు కలుపుకోవచ్చు.